సైన్స్ ఫిక్షన్, స్టీమ్‌పంక్, ఫాంటసీ నవలలు: చదవడం ఎలా, ఇంకొకరికి చెప్పడం ఎలా

కొన్నేళ్ళ కిందట తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి మా ఇంటికి వచ్చి, సైన్స్ ఫిక్షన్‌లో మంచి నవల ఒకటి ఇమ్మని అడిగాడు. నాకు అన్నిటికంటే గొప్పదిగా తోచిన ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ తీసి అతని చేతిలో పెట్టాను. పది రోజులకు దాన్ని తిరిగి తెచ్చి బల్ల మీద పెడుతూ, "సార్, పేర్లే గుర్తు పెట్టుకోలేక పోతా ఉండా. యాభై పేజీలు చదివినా ఎవురు ఎవురో తెలియలా. నాకీ రకం కతలు పడవేమో" అన్నాడు. ఆ తర్వాత మాటల్లో తెలిసిందేమిటంటే, పాకాలలో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో అట్టవేసి కుట్టించిన పాత చందమామ సంపుటాలు ఉండేవట, వేసవి సెలవుల్లో వాటిలోని ‘పాతాళదుర్గం’, ‘రాకాసిలోయ’ అతను రెండేసిసార్లు చదివాడట. అంటే ఫాంటసీ అతనికి పడని రకం కాదు, పదేళ్ళ వయసుకే అలవాటైన రకం. ఆ సంగతి ముందుగా అడిగి తెలుసుకోకుండా, నాకు నచ్చిన పుస్తకాన్ని అతని మీద మోపడం నేను చేసిన పొరపాటు. చదవవలసింది ముందు పుస్తకాన్ని కాదు, చదవబోయే మనిషిని. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూ అల్లినవే.

మొదటి మెట్టు: మీ దగ్గర ఇప్పటికే ఏముందో చూసుకోండి

ఈ నవలలు పరాయివనీ, వీటికి కొత్తగా ఏదో శిక్షణ కావాలనీ చాలామంది వెనకాడతారు. తెలుగులో కథలు వింటూ పెరిగినవాళ్ళకు ఆ బెరుకు అక్కరలేదు. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1950ల నుంచి చందమామలో రాసిన ధారావాహికలు, ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘యక్షపర్వతం’ వంటివి, నిఖార్సయిన ఫాంటసీ నవలలు. వాటిలో ప్రతి కోటకూ ఒక రహస్యం, ప్రతి మాంత్రికుడికీ ఒక పరిమితి, ప్రతి ప్రయాణానికీ ఒక మూల్యం ఉంటాయి. ఫాంటసీ చదవడానికి కావలసిన మొదటి నేర్పు, అంటే ‘ఈ లోకంలో ఏది సాధ్యం, ఏది కాదు’ అని గమనిస్తూ పోవడం, చందమామ పాఠకులకు తెలియకుండానే అబ్బింది.

రెండో నేర్పు, కథలో కథ పోగొట్టుకోకుండా పట్టుకోవడం. మధిర సుబ్బన్న దీక్షితులు గారి ‘కాశీమజిలీ కథలు’ చదివినవాళ్ళకు మణిసిద్ధుడు ప్రతి మజిలీలోనూ ఒక కథ చెప్పడం, ఆ కథలో మరొకరు ఇంకో కథ ఎత్తుకోవడం కొత్త కాదు. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన ‘కళాపూర్ణోదయం’ ఇంకా ముందుకు వెళ్ళింది: ఇప్పుడు జరిగినదానికి కారణం ఎన్నో పుటల తర్వాత మరొకరి నోట బయటపడుతుంది, పాఠకుడు అంతదాకా చిక్కుముడిని చేతిలోనే పెట్టుకుని నడవాలి. ఆ అలవాటుతో 1818లో వచ్చిన మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ తెరిస్తే, ఓడ నాయకుడి ఉత్తరాలలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టయిన్ అనే శాస్త్రజ్ఞుడి కథ, విక్టర్ కథలో అతను సృష్టించిన జీవి తన నోటితో చెప్పుకునే కథ, సొంత ఊరి వీధుల్లా కనిపిస్తాయి. సైన్స్ ఫిక్షన్‌కు తొలి నవలగా చాలామంది లెక్కించే పుస్తకంలోకి మన దారి ఇంత సూటిగా ఉంది.

కాబట్టి ఒక నోటుపుస్తకం తీసుకుని, చిన్నప్పటి నుంచి మీరు చివరిదాకా చదివిన, విన్న, చూసిన కథల్లో మిమ్మల్ని వదలని అయిదింటి పేర్లు రాయండి. వాటి పక్కన ఎందుకు వదల్లేదో ఒక్కొక్క మాట రాయండి: వింత ప్రదేశం, తెలివైన ఉపాయం, ఒంటరి పోరాటం, అన్యాయం మీద కోపం, ఇలా. ‘ఆదిత్య 369’ సినిమా గుర్తొస్తే దాన్నీ రాయండి. పుస్తకం ఎంచుకునేటప్పుడు ఈ జాబితా చూసుకోండి.

రెండో మెట్టు: మూడు రకాలనూ అవి వేసే ప్రశ్నను బట్టి గుర్తించండి

సైన్స్ ఫిక్షన్ వేసే ప్రశ్న, ‘ఇలా జరగడానికి వీలుంటే మనిషి ఏమవుతాడు’ అని. ఫాంటసీలో లోకం నడిచే నియమమే వేరు, ఆ నియమం మనిషిని ఎలా పరీక్షిస్తుందన్నది అక్కడి ప్రశ్న. ఈ రెండింటి గురించి ఇంతకంటే నిర్వచనాలు అవసరం లేదు, చదివేకొద్దీ తెలుస్తాయి.

స్టీమ్‌పంక్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవైపు ఈ పేరు విన్నవాళ్ళు తక్కువ. ఈ మాటను 1987లో కె.డబ్ల్యు. జీటర్ అనే అమెరికన్ రచయిత లోకస్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో వాడాడు. ఆవిరి యంత్రాల కాలంలోనే, విద్యుత్తూ పెట్రోలూ లోకాన్ని మార్చకముందే, చరిత్ర మరో దారి పట్టి ఉంటే ఎలా ఉండేదన్నది దీని ప్రశ్న. చార్లెస్ బాబేజ్ పందొమ్మిదో శతాబ్దంలో పళ్ళచక్రాలతో లెక్కలు కట్టే యంత్రాలకు నమూనాలు గీశాడు గాని, తన జీవితకాలంలో వాటిని పూర్తిచేయలేకపోయాడు. అతని గీతలను అనుసరించి లండన్ సైన్స్ మ్యూజియం వారు 1991 నాటికి ఒక యంత్రాన్ని తయారుచేస్తే అది సరిగ్గా పనిచేసింది. అంటే లోపం ఆలోచనలో లేదు. అది అప్పుడే పూర్తయి ఉంటే కంప్యూటర్ యుగం నూరేళ్ళ ముందే వచ్చి ఉండేదన్న ఊహ మీద విలియం గిబ్సన్, బ్రూస్ స్టెర్లింగ్ కలిసి 1990లో ‘ది డిఫరెన్స్ ఇంజన్’ రాశారు. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ 2009 నాటి ‘లెవయతన్’లో 1914 యుద్ధాన్ని తీసుకుని, ఒక పక్షానికి నడిచే ఇనుప యంత్రాలనూ, ఇంకో పక్షానికి పెంచి తయారుచేసిన ప్రాణులనూ ఇచ్చాడు. అందులో ఒక ఆకాశనౌక ప్రాణమున్న తిమింగలం. హైస్కూలు పిల్లలకు స్టీమ్‌పంక్ రుచి చూపించడానికి నేను ముందుగా ఇచ్చేది దీన్నే.

పాకాల నుంచి ధర్మవరం వెళ్ళే మీటర్ గేజి దారిలో బొగ్గు ఇంజన్ల పొగ కళ్ళలో పడుతుండగా ప్రయాణం చేసిన పెద్దవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకు స్టీమ్‌పంక్ గురించి చెప్పేటప్పుడు ఆ ఇంజను మాటతో మొదలుపెట్టండి. పీడనం, కవాటం, మసి, ఈల అన్నవి వాళ్ళ ఒంటికి తెలిసిన సంగతులు.

మూడో మెట్టు: మొదటి పుస్తకాన్ని చిన్నదిగా ఎంచుకోండి

కొత్త లోకంలోకి వెళ్ళేటప్పుడు మూడు సంపుటాల నవలతో మొదలుపెట్టడం నా దృష్టిలో తప్పు. రుచి తెలియడానికి పుటలు ఎక్కువ అవసరం లేదు.

అన్నిటికంటే ముందు నేను చెప్పేది రుకయా సఖావత్ హుస్సేన్, అంటే బేగం రుకయా, రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’. 1905లో మన పక్కనున్న మద్రాసులోనే వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో ఇది అచ్చయింది. ఆడవాళ్ళు దేశాన్ని ఏలుతూ, మగవాళ్ళను ఇంటి లోపల ఉంచి, సూర్యుడి వేడిమిని పట్టి వాడుకుంటూ, గాలిలో ఎగిరే వాహనాల్లో తిరిగే దేశం ఒకటి అందులో ఉంటుంది. ఒక్కసారి కూర్చుని చదివేయవచ్చు. సైన్స్ ఫిక్షన్ అంటే పడమటి దేశాల మగవాళ్ళ వ్యవహారమన్న అభిప్రాయం దీనితో పోతుంది.

ఆ తర్వాత హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’. దీని ప్రయాణికుడు 802701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ పైన తీరుబడిగా బతికే జాతి ఒకటి, కింద నేలమాళిగల్లో యంత్రాలు నడిపే జాతి ఒకటి కనిపిస్తాయి. పనిచేసేవాళ్ళు, కూర్చుని తినేవాళ్ళు అని మనుషులు విడిపోతే చివరకు ఏమవుతుందన్నది వెల్స్ ఆందోళన. నేను దీన్ని మూడుసార్లు చదివాను, మూడుసార్లూ యంత్రం కంటే ఆ ఆందోళనే మనసులో మిగిలింది.

ఫాంటసీకి అర్సులా కె. లె గ్విన్ 1968 నాటి ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ సరైన ప్రవేశం. రెండువందల పుటలకు అటూఇటుగా ఉంటుంది. అక్కడ ప్రతి వస్తువుకూ ఒక నిజమైన పేరు ఉంటుంది, ఆ పేరు తెలిసినవాడికే దాని మీద అధికారం. గురువు చెప్పకముందే పెద్ద మంత్రం ప్రయోగించిన కుర్రవాడు తాను వదిలిన నీడ చేతిలో తరమబడతాడు. నామానికీ శక్తికీ ముడి ఉందన్న భావన తెలిసిన మనకు ఇందులో ఏదీ వివరించి చెప్పవలసిన పని ఉండదు. కథానాయకుడు ఎర్రగోధుమ రంగు ఒంటివాడని రచయిత్రి స్పష్టంగా రాసినా, ఎన్నో అట్టల మీద అతన్ని తెల్లవాడిగా వేశారు, కనుక అట్ట బొమ్మను నమ్మకండి.

షెల్లీ, వెల్స్, రుకయా, తర్వాతి మెట్టులో వచ్చే జూల్స్ వెర్న్ రచనల మీద మన దేశంలో కాపీరైటు గడువు తీరిపోయింది. ఇంగ్లీషు మూలాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా, న్యాయబద్ధంగా దొరుకుతాయి. మిగిలినవాటికి చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ, తిరుపతిలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లోనూ అడిగేటప్పుడు ‘సైన్స్ ఫిక్షన్ ఉందా’ అని కాకుండా రచయిత పేరుతో అడగండి. ఈ పుస్తకాలు వేరే అరలో ఉండవు, ఇంగ్లీషు నవలల్లో కలిసిపోయి ఉంటాయి.

నాలుగో మెట్టు: ఏ ప్రతి చదువుతున్నారో చూసుకోండి

దీన్ని దాటేసేవాళ్ళే ఎక్కువ, నష్టపోయేదీ ఇక్కడే. జూల్స్ వెర్న్ ఫ్రెంచిలో రాశాడు. సముద్రం కింద ఇరవై వేల లీగుల ప్రయాణం గురించి 1870లో వచ్చిన అతని నవలకు లూయిస్ మెర్సియర్ చేసిన పాత ఇంగ్లీషు అనువాదం చాలాకాలం అందరి చేతుల్లోనూ తిరిగింది. అందులో దాదాపు నాలుగో వంతు ఎగిరిపోయింది, శాస్త్ర విషయాల్లో తప్పులు చేరాయి. వెర్న్ పసిపిల్లల రచయిత అన్న చిన్నచూపు ఏర్పడడానికి ఆ అనువాదం కూడా ఒక కారణం. ఎఫ్.పి. వాల్టర్ చేసిన పూర్తి అనువాదం కూడా ఉచితంగా దొరుకుతుంది, దాన్నే వెతికి తీసుకోండి. ‘సంక్షిప్త ప్రతి’ అని ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో పుస్తకం కొనేముందు చూడండి.

లియూ సిషిన్ చైనీసు నవల ‘ది త్రీ బాడీ ప్రాబ్లమ్’ మరో ఉదాహరణ. సాంస్కృతిక విప్లవ కాలపు హింసతో కూడిన అధ్యాయాలు చైనా పుస్తకంలో మధ్యలో ఉంటే, 2014లో కెన్ లియూ చేసిన ఇంగ్లీషు అనువాదం వాటితోనే మొదలవుతుంది. ఆ మొదలు పాఠకుణ్ణి గట్టిగా పట్టుకుంటుంది, నాకు అదే సరైనదనిపించింది. ఈ అనువాదానికి 2015లో, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

అయిదో మెట్టు: మొదటి యాభై పుటలు ఓపికగా దాటండి

అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు గాలిగోపురం దాకా ఉండే ఎక్కుడు తెలుసు. అక్కడిదాకా మోకాళ్ళు పట్టేస్తాయి, ఆ తర్వాత దారి చాలాదూరం చదునుగా సాగుతుంది. పెద్ద ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలల నిర్మాణం కూడా తరచు ఇలాగే ఉంటుంది. రచయిత కొత్త లోకపు పేర్లనూ పద్ధతులనూ మొదట్లోనే మీ ముందు పోస్తాడు. అప్పుడు చేయవలసినవి ఇవి.

కల్పిత పదం రాగానే నిఘంటువు తెరవకండి. ‘డ్యూన్’ చివర రచయితే ఒక పదకోశం ఇచ్చాడు, అయినా ప్రతి మాటకూ అక్కడికి పరుగెత్తితే కథ చేజారుతుంది. ఒక మాట మూడోసారి వచ్చేసరికి దాని అర్థం సందర్భమే చెప్పేస్తుంది. అప్పటికీ తెలియకపోతేనే చూడండి. మా విద్యార్థికి ఈ ఒక్కమాట ముందుగా చెప్పి ఉంటే బాగుండేది.

పుస్తకంలో ఒక చీటీ పెట్టుకుని రెండే రెండు వరసలు రాయండి: ఒకదానిలో మనుషుల పేర్లు, బంధుత్వంతో సహా, రెండోదానిలో ఆ లోకపు నియమాలు. ఆర్థర్ సి. క్లార్క్ 1973 నాటి ‘రాందివూ విత్ రామా’ చదివినప్పుడు నేను రాసుకున్న చీటీ ఇంకా ఆ పుస్తకంలోనే ఉంది. పేర్ల వరసలో నాలుగే ఉన్నాయి, నియమాల వరస మాత్రం చీటీ వెనక్కి కూడా పాకింది: పొడవు 50 కిలోమీటర్లు, అడ్డకొలత 20 కిలోమీటర్లు, తన చుట్టూ తాను తిరుగుతుంది, అందుకే లోపలి గోడ మీద నిలబడవచ్చు, సముద్రం వలయంలా ఉంటుంది, మొదట గడ్డకట్టి ఉంది. ఆ చీటీని చూస్తేనే ఆ నవల స్వభావం తెలిసిపోతుంది. దానిలో మనుషులు పలుచగా ఉంటారు, ప్రదేశమే కథానాయకుడు. గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అయిపోయి ఖగోళ శాస్త్రజ్ఞులు హిందూ దేవతల పేర్లకు వచ్చారు కాబట్టి ఆ వస్తువుకు రాముడి పేరు పడింది తప్ప, రామాయణంతో దానికి సంబంధం లేదని ముందే తెలుసుకుని చదవడం మంచిది.

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ముందున్న పెద్ద ఉపోద్ఘాతాన్ని మొదట వదిలేసి, కథ అయ్యాక వెనక్కి వచ్చి చదవండి. అంతకంటే ముందు 1937 నాటి ‘ది హాబిట్’ చదివితే ఆ ఉపోద్ఘాతం అవసరం సగం తీరిపోతుంది. యాభై పుటలు దాటి, మరో యాభై చదివినా మనసు నిలవకపోతే పుస్తకం మూసి, ఏ పుటలో ఆపారో, ఎందుకో రాసిపెట్టండి. ఆ పుస్తకం అయిదేళ్ళ తర్వాత మీది కావచ్చు.

ఆరో మెట్టు: కథ ఎవరి వైపు నిలబడిందో అడగండి

ఈ రకాల పుస్తకాల్లో చాలావాటికి సామ్రాజ్యాల కాలపు నీడ ఉంది. దాన్ని చూసి కూడా పుస్తకాన్ని ప్రేమించవచ్చు, చూడకుండా మాత్రం చదవకూడదు. దీనికి వెర్న్ కంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

1880లో అతను ‘ది స్టీమ్ హౌస్’ అనే నవల రాశాడు. ఆవిరితో నడిచే ఉక్కు ఏనుగు ఒకటి, ఇళ్ళవంటి బళ్ళను వెనక లాగుతూ, తొండం నుంచి పొగ వదులుతూ ఉత్తర భారతమంతా తిరుగుతుంది. ఆ ఏనుగు వర్ణన చదువుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. స్టీమ్‌పంక్ అన్న పేరు పుట్టడానికి నూరేళ్ళ ముందే, అదీ మన దేశపు నేల మీద, ఆ ఊహ అక్కడ పూర్తిగా ఉంది. కాని ఆ బండిలో కూర్చున్నవాళ్ళు ఆంగ్లేయులు, 1857 తిరుగుబాటు జ్ఞాపకం వాళ్ళ వైపు నుంచి సాగుతుంది, ఆ తిరుగుబాటు నాయకుడు నానాసాహెబు అక్కడ దుష్టుడు.

అదే వెర్న్ ఇందాక చెప్పిన సముద్రం కింది నవలలో సృష్టించిన, ‘నాటిలస్’ జలాంతర్గామి నాయకుడైన కెప్టెన్ నెమోను చూడండి. సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగిన ఒక పేద భారతీయుడి మీదికి సొరచేప వస్తే, నెమో బాకు పట్టుకుని దానికి ఎదురు వెళ్తాడు. అతన్ని పడవలోకి చేర్చి, తన జేబులోంచి ముత్యాల సంచీ తీసి ఆ వణుకుతున్న చేతిలో పెడతాడు. లోకాన్నంతా అసహ్యించుకునే ఈ మనిషి ఇలా ఎందుకు చేశాడని తోటివాడు అడిగితే, అణచివేతకు గురైన దేశపు మనిషి అతనని, తానూ చివరిదాకా ఆ పక్షమేనని చెప్తాడు. ఆ మాటకు పూర్తి అర్థం 1875 నాటి ‘ది మిస్టీరియస్ ఐలండ్’లో తెలుస్తుంది: నెమో బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్, 1857లో పోరాడి సర్వస్వం పోగొట్టుకున్నవాడు. వెర్న్ అతన్ని టిప్పు సుల్తాన్‌కు మేనల్లుడి వరస చేశాడు. టిప్పు తండ్రి హైదరాలీ 1782లో కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో. ఈ సంగతి చెప్పాక చిత్తూరు కుర్రవాడొకడు ‘నాటిలస్’ జలాంతర్గామిని తమ ఊరి ఓడలా చూడడం నేను ఎరుగుదును. ఉక్కు ఏనుగు నవలనూ నెమో కథనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకే రచయిత రెండు వైపులా నిలబడగలడని తెలుస్తుంది.

ఏడో మెట్టు: చెప్పేముందు మూడు ప్రశ్నలు అడగండి

ఇప్పుడు ఇంకొకరికి చెప్పే పని. ‘మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం’ అని అడగకండి, దానికి అందరూ మొహమాటపు జవాబే చెప్తారు. ‘చివరిసారి మీరు ఆఖరి పుటదాకా చదివిన పుస్తకం ఏది’ అని అడగండి. ‘ఎప్పుడు చదువుతారు’ అన్నది రెండోది. బస్సులో చిత్తూరు, తిరుపతి మధ్య రోజూ తిరిగేవాళ్ళకు చిన్న అధ్యాయాలున్నవి కావాలి, రాత్రి గంటసేపు నిశ్శబ్దం దొరికేవాళ్ళకు పెద్దవి ఇవ్వవచ్చు. ‘కథలో ఏది వస్తే చదవలేరు’ అన్నది మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఇటీవల ఇంట్లో మరణం చూసినవాళ్ళకు, చిన్నపిల్లల బాధ తట్టుకోలేనివాళ్ళకు, హింస ఇష్టంలేనివాళ్ళకు ఆ సంగతి ముందే తెలుసుకుని పుస్తకం ఎంచాలి.

జవాబుల నుంచి వంతెన కట్టండి. మన చిత్తూరు జిల్లా రచయిత కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఆపకుండా చదివానని ఒకరు చెప్పారనుకోండి. తప్పిపోయిన పంది కోసం రాత్రి అడవిలోకి వెళ్ళి ప్రకృతితో ఒంటరిగా తలపడిన ముసలివాడి కథ అది. ఆయనకు నేను ఆండీ వీర్ ‘ది మార్షియన్’ ఇస్తాను. అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిపోయిన వృక్షశాస్త్రజ్ఞుడు నీళ్ళు తానే తయారుచేసుకుని బంగాళాదుంపలు పండిస్తాడు. ఎండిన బావిలోకి తొంగిచూస్తూ వేరుశనగ వేసిన మన రైతులకు ఆ అధ్యాయాలు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. చరిత్ర, రాజకీయాలు ఇష్టపడేవాళ్ళకు 1951లో పుస్తకంగా వచ్చిన అసిమోవ్ ‘ఫౌండేషన్’ ఇవ్వవచ్చు. ‘ఆదిత్య 369’లో కృష్ణదేవరాయల సభలోకి కాలయంత్రం దిగడం చూసి మురిసినవాళ్ళకు వెల్స్ ఉన్నాడు. గాదంకిలో వాతావరణాన్ని గమనించే రాడార్ కోసం నిలబెట్టిన 1024 యాంటెన్నాల మైదానం చూసినవాళ్ళకు, ఒక కొండ మీది పెద్ద యాంటెన్నా చుట్టూ తిరిగే ‘ది త్రీ బాడీ ప్రాబ్లమ్’ సరిపోతుంది.

తిరుపతిలో ఉండే మనం మరీ పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది. పురాణాలను భక్తితో చదివే పెద్దవాళ్ళకు ‘ఇవీ మన పురాణాల లాంటివే’ అని ఫాంటసీ నవలను చేతిలో పెట్టకండి. వాళ్ళకు పురాణం కల్పన కాదు, ఆ పోలిక వాళ్ళ మనసు నొప్పిస్తుంది. కాశీమజిలీతో, చందమామతో పోల్చండి. అది న్యాయమైన పోలిక, ఎవరినీ బాధపెట్టదు.

ఎనిమిదో మెట్టు: నాలుగు వాక్యాల్లో చెప్పండి

పుస్తకం ఇచ్చేటప్పుడు కథంతా చెప్పేయడం మన ప్రేమలోని దోషం. మొదటి ఇరవై పుటల్లో జరిగినదానికి మించి ఒక్క సంఘటన కూడా బయటపెట్టకూడదని నియమం పెట్టుకోండి. చెప్పవలసినవి: ఇది ఎందుకు మీకే, ఎంత పొడవు, ఎక్కడ కష్టం, ఏ విషయంలో జాగ్రత్త. మా వీధిలో బ్యాంకులో పనిచేసే ఒకావిడకు ‘ఎర్త్‌సీ’తో పాటు నేను రాసిచ్చిన చీటీ ఇది:

"అక్కా, మీరు చందమామలో మాంత్రికుల కథలు ఇష్టమన్నారు కాబట్టి ఇది. రెండువందల పుటలే, ఇంగ్లీషు తేలికగా ఉంటుంది గాని మొదటి రెండు అధ్యాయాలు నెమ్మదిగా నడుస్తాయి. దీవుల పేర్లు గుర్తు పెట్టుకోవద్దు, ముందు పుటల్లో పటం ఉంది. భయపెట్టే చోట్లు రెండున్నాయి, రక్తపాతం తక్కువ."

వరసగా వచ్చే నవలలైతే ఎన్ని సంపుటాలో, పూర్తయిందో లేదో తప్పనిసరిగా చెప్పండి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 1996 నుంచి వెలువరిస్తున్న ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’లో అయిదో సంపుటం 2011లో వచ్చింది, కథ ఇంకా ముగియలేదు. ఆ సంగతి దాచి మొదటి సంపుటం ఇవ్వడం అన్యాయం. టెర్రీ ప్రాచెట్ ‘డిస్క్‌వరల్డ్’ నవలలు 41 ఉన్నా వరసలో చదవనక్కరలేదు, ‘గార్డ్స్! గార్డ్స్!’తో మొదలుపెట్టవచ్చు.

తొమ్మిదో మెట్టు: ఇచ్చాక చేయవలసినవి

పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ, ఎందుకు ఇచ్చారో ఒక్క మాట రాసిపెట్టుకోండి. పదిహేను రోజుల తర్వాత కనబడితే ‘చదివారా’ అని అడగకండి, అది పరీక్షలా వినిపిస్తుంది. ‘ఎక్కడిదాకా వచ్చింది’ అని అడగండి. చదవలేదంటే ఏ పుటలో ఆగారో తెలుసుకుని అదీ రాయండి. ఒకే పుస్తకాన్ని ముగ్గురు ఒకే చోట ఆపేస్తే, నాలుగోవారికి ఇచ్చేటప్పుడు ఆ చోటు గురించి ముందే చెప్పవచ్చు. నచ్చిందంటే వెంటనే అదే రచయితది ఇంకోటి ఇవ్వకండి. అదే ప్రశ్నను మరో రకంగా అడిగిన పుస్తకం ఇవ్వండి: వెల్స్ తర్వాత రుకయా, ఎర్త్‌సీ తర్వాత ‘ది హాబిట్’, వెర్న్ తర్వాత ‘లెవయతన్’.

మొదట్లో చెప్పిన విద్యార్థి పేరు కింద నా నోటుపుస్తకంలో ఇప్పుడు నాలుగు వరసలున్నాయి. ‘డ్యూన్’, 50వ పుటలో ఆపాడు, నేను అడగకుండా ఇచ్చాను. ‘ఎర్త్‌సీ’, రెండు రోజుల్లో పూర్తి. ‘ది హాబిట్’, వారం. నాలుగో వరసలో మళ్ళీ ‘డ్యూన్’, ఈసారి తానే అడిగి తీసుకున్నాడు. తేదీ వేశాను, పక్కన గడి ఖాళీగా ఉంది, పుస్తకం ఇంకా అతని దగ్గరే ఉంది.